ఊపు

చంద్రశేఖరరావు కాగితాన్ని చేతిలోకి తీసుకోలేదు. నేల మీద పరిచి ఉంటే నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడి చూశాడు. గాలికి అంచు లేవకుండా ఒక పక్క సామ్రాజ్యం మోకాలు ఆనించి కూర్చుంది. ఇంకో పక్క దేవరాజు రంగు డబ్బా పెట్టాడు. ఆదివారం చర్చి అవగానే మొగుడూ పెళ్ళాం ఇద్దరూ అటునుంచి అటే కంభం రోడ్డులో కడుతున్న ఈ కల్యాణ మండపానికి వచ్చారు. కిటికీలకు ఇంకా రెక్కలు బిగించలేదు. మే నెల వడగాలి లోపలికి కొడుతోంది.

కాగితం మీద నల్లమల కొండలు. వాటి మీదుగా మార్కాపురం వైపు దిగుతున్న వాన. ముందు ఎర్రనేల, కందిచేను. గోనెసంచి నెత్తిన కప్పుకుని, పరిగెత్తకుండా నిలబడి వానకేసి చూస్తున్న ఒక ఆడమనిషి. మండపం లోపలి పెద్ద గోడ మీద వేయబోయే బొమ్మకు అది నమూనా. దేవరాజుకు చెయ్యి వణుకుతుంది. మణికట్టు కింద కర్ర ఆనించుకుని, గీత గీతకూ ఊపిరి బిగపట్టి, వారాల తరబడి గీశాడు.

"బాగానే ఉంది," అన్నాడు చంద్రశేఖరరావు. ఊళ్ళో ఆయనవి రాతిపలకలు కోసే షెడ్లు రెండున్నాయి. సామ్రాజ్యం పనిచేసే షెడ్డూ ఆయనదే. "బాగానే ఉంది గానీ ఊపు లేదబ్బా. గిద్దలూరు లాడ్జిలో కొంగలు వేసినావు చూడు, మెట్లెక్కుతాంటే మొహం మీదికి ఎగిరొచ్చినట్టుంటాయి. అదీ ఊపంటే. ఇది క్యాలెండరు మాదిరి ఉంది."

"గోడ మీదికెక్కితే వేరేగా వస్తాది సార్," అన్నాడు దేవరాజు తలొంచుకుని.

పక్కనే ఉన్న ఫణికృష్ణ గొంతుక్కూర్చుని కాగితం మీద వేలు పెట్టాడు. చంద్రశేఖరరావు అల్లుడతను. విజయవాడలో ఇళ్ళకూ హోటళ్ళకూ లోపలి అలంకరణ చేయిస్తాడు. మామగారి మండపం పని తానే చూస్తున్నాడు.

"అన్నా, ఒకటడుగుతాను, ఏమనుకోకండి. ఆ కొంగలు వేసినప్పుడు మూడు రాత్రులు నిద్రే పోలేదంట కదా మీరు?"

దేవరాజు నవ్వాడు. అవుననలేదు, కాదనలేదు.

"అదండీ మావయ్యా, ఎమోషన్. అది లోపల పొంగితేనే బయటికి ఆర్ట్ వస్తుంది. పెద్ద పెద్ద ఆర్టిస్టుల మెదళ్ళ మీద బోలెడంత రీసెర్చ్ జరిగింది. సగం మంది మామూలు మనుషులు కాదు." అతను లేచి దేవరాజు భుజం మీద చెయ్యేసి గోడ కొలతలు చూద్దామని అటు నడిపించుకుపోయాడు.

సామ్రాజ్యం కాగితం చుట్టడం మొదలుపెట్టింది. చంద్రశేఖరరావు రెండడుగులు దగ్గరికి వచ్చాడు.

"అమ్మాయ్, నీతో ఒక మాట. దేవరాజు ఏవో మాత్రలు మింగుతన్నాడంట గదా."

"అవునయ్యా. మనసు జబ్బుకు, కరుణాకరం డాక్టరు దగ్గర."

"చెయ్యి వణికేది వాటితోనే అంట. మనిషి కూడా మబ్బు పట్టినట్టుండేది వాటితోనే. నేను చెప్పేదేందంటే, ముహూర్తం దాకా, ఒక్క నెల, ఆపిచ్చు. బొమ్మ అయిపోయినాక మళ్ళీ మింగుతాడు. వాడికీ పేరొస్తాది."

కాగితం చుడుతున్న ఆమె చేతులు ఆగిపోయాయి. "కొంగలు కూడా మాత్రలు మింగుతానే వేసినాడయ్యా. రెండు నెల్లు పట్టింది."

ఆయన నవ్వాడు. చిన్నపిల్ల ఏదో అంటే నవ్వినట్టు నవ్వాడు. "నీకు తెలీదులే. లాడ్జి మధుసూదన్ వచ్చినోళ్ళందరికీ చెప్తాడు. మూడు రాత్రులు కన్ను మూయకుండా, అన్నం ముట్టకుండా, పూనకం వచ్చినట్టు వేసినాడంట."

"ఆయప్పకు నిద్దర లేకపోతే ఏమైతాదో మీరు చూళ్ళేదయ్యా. నేను చూసినా."

"కళాకారుడన్నాక కొంచెం పిచ్చి ఉంటాది. అది ఉంటేనే గదా వాడు వాడు."

సామ్రాజ్యానికి చెవుల వెనక వేడి పాకింది. గొంతు పెంచకుండానే అంది, "మీకు షుగరుంది గదా అయ్యా. ముహూర్తం దాకా మీరు మానేయండి మాత్రలు. ఒక్క నెలే గదా."

"నా షుగరుకూ బొమ్మకూ ఏం సంబంధమే?" ఆయన మొహం గంటు పెట్టుకున్నాడు.

"ఆయప్ప మాత్రకూ బొమ్మకూ ఏం సంబంధమో మీరు చెప్పినారు గదా, అందుకని అడిగినా."

ఆమె కాగితం చంకన పెట్టుకుని బయటికొచ్చి, ఎండలో మోటారు సైకిల్ పక్కన నిలబడింది. షెడ్డు యజమానితో అట్లా మాట్లాడటం ఆమెకు అదే మొదటిసారి.

సోమవారం పనిలోకి రావద్దని ఎవరూ అనలేదు. సామ్రాజ్యం మామూలుగానే రాతిపలకల ముందు కూర్చుంది. గోడలకు అతికించే పలకలవి. ఒక్కొక్కదాన్నీ ఎడమ అరచేతి మీద నిలబెట్టి, కుడిచేతి వేలికణుపుతో కొట్టి వినాలి. ఖంగుమంటే మంచిది. డబ్బుమని ఆగిపోతే లోపల బీట ఉన్నట్టు. ఆ రోజు ఆమె మంచివి కూడా రెండు మూడు పక్కన పారేసింది. ఎదురుగా కూర్చున్న వెంకటలక్ష్మమ్మ వాటిని మళ్ళీ కొట్టి చూసి, వెనక్కి పెట్టింది.

"ఏందే, చెవుడొచ్చిందా నీకు?"

సామ్రాజ్యం జరిగింది చెప్పింది. వెంకటలక్ష్మమ్మ తలగుడ్డ విప్పి మొహం మీది దుమ్ము తుడుచుకుంది.

"నెలరోజులే గదా మే. పెద్దోళ్ళు అడిగినారు. రేపు నీకూ ఒక మాట సాయం ఉంటాది."

"నీ మొగునికైతే మానిపిస్తావా?"

"నా మొగునికి బొమ్మలు రావు గదా," అని నవ్వింది వెంకటలక్ష్మమ్మ. సామ్రాజ్యం నవ్వలేదు. బొమ్మలు వచ్చే మొగుడైతే వాడి ఒళ్ళు ఊరందరిదీ అయిపోతుందా? పలకను గట్టిగా కొట్టింది. కణుపు చీరుకుపోయింది.

సాయంత్రం ఇంటికొచ్చేసరికి వాకిలంతా కడిగి ఉంది. దేవరాజు బిందెలు తోమి బోర్లించాడు. పొయ్యి మీద మాంసం ఉడుకుతోంది. గుమ్మం పక్క గోడ మీద బొగ్గుతో ఎదురింటి మేకను గీశాడు. అది గోడ దిగి వచ్చేట్టుంది. వీధి పిల్లలు దాని చుట్టూ మూగి "మామా, మా కుక్కను, మా కుక్కను" అని గొడవ చేస్తున్నారు. అతను ఒక్క విసురులో కుక్కను గీశాడు. ఇంకో విసురులో వెంకటలక్ష్మమ్మ మొగుడి మీసాలు గీశాడు. పిల్లలు పడీ పడీ నవ్వారు.

సామ్రాజ్యాన్ని చూసి పరిగెత్తుకొచ్చి, జేబులోంచి మల్లెపూలు తీసి అక్కడే, పిల్లల ముందే, ఆమె జడలో పెట్టాడు.

"ఛీ, ఏందయ్యా ఇది," అంది గానీ ఆమెకూ నవ్వొచ్చింది. పొట్ట పట్టుకుని నవ్వింది. ఈ మనిషిని ఆమె చూసి నాలుగేళ్ళయింది. పెళ్ళిచూపులకు వచ్చి, బేస్తవారిపేటలో వాళ్ళింటి వసారా గోడ మీద ఆమె బొమ్మే గీసిపోయిన మనిషి. కూర వడ్డిస్తూ కూడా నవ్వింది. అతను మాత్రం అన్నం ముట్టలేదు. మాట మీద మాట. మండపం గోడ మీద ఏం వేయబోతున్నాడో, తర్వాత రైల్వే స్టేషను మీద ఏం వేయబోతున్నాడో, ఆ తర్వాత నల్లమల బండల మీద ఏం వేయబోతున్నాడో. ఒక మాట పూర్తి కాకముందే ఇంకోటి.

అప్పుడు సామ్రాజ్యం నవ్వు ఆపేసింది. నాలుగేళ్ళ కింద జబ్బు చేసినప్పుడు కూడా అతను ఇట్లాగే మాట్లాడాడు.

మంగళవారం పొద్దున్నే కుళాయి దగ్గర అతని కుంచెల సీసా కడగబోయింది. బురదనీళ్ళు వంపేస్తే అడుగున తెల్లగా, ఉబ్బిపోయి, సగం కరిగిన మాత్రలు కనిపించాయి. ఒకటీ రెండూ కాదు. సీసా అడుగంతా.

సీసా చేత్తో పట్టుకునే లోపలికి వెళ్ళింది. దేవరాజు చొక్కా గుండీలు పెట్టుకుంటున్నాడు. సీసా చూశాడు. దాచాలని చూడలేదు.

"ఎప్పటినుంచి?"

"చెయ్యి చూడు," అని అతను కుడిచెయ్యి ఆమె మొహం ముందు చాపాడు. వేళ్ళు విప్పాడు. అవి కదల్లేదు. "చూసినావా? ఇది నా చెయ్యి. నాలుగేండ్ల నుంచి ఇది ఎవరిదో చెయ్యి సామ్రాజ్యం. ఎవరిదో చెయ్యి పట్టుకొని బతిమాలి గీత గీయించుకుంటన్నా."

"ఎవురు చెప్పినారు నీకు మానమని?"

"ఫణిబాబు చెప్పినాడు. నమూనా గీసేది అయిపోయిన దినమే, రెండు వారాల కింద. ఆయన చెప్పకపోయినా నాకు తెలీదా? ఆ మాత్ర మింగితే ఏడుపు రాదు, నవ్వూ రాదు. మా అమ్మ పోయినప్పుడు కూడా నాకు సరిగ్గా ఏడుపు రాలేదు. ఏడుపు రానోడు వానను ఎట్ల గీస్తాడు చెప్పు?"

అత్త శవం పక్కన అతను గోడకేసి చూస్తూ కూర్చోవడం ఆమె చూసింది. అయితే చంద్రశేఖరరావు ఆదివారం తనను అడిగింది ఉత్తుత్తికేనన్న మాట. అప్పటికే ఇంట్లోకి దూరి, తన కళ్ళ ముందే చేయాల్సింది చేసేసి, తర్వాత మర్యాదకు అనుమతి అడిగారు. ఆ సంగతి అర్థమయ్యేసరికి ఆమె చేతిలో సీసా జారి పగిలింది. గాజు ఏరి తలెత్తేలోపు మోటారు సైకిల్ చప్పుడు వీధి మలుపు దాటిపోయింది.

కరుణాకరం డాక్టరుకు ఫోన్ చేసింది. "వెంటనే తీసుకురామ్మా. ఎట్లాగైనా తీసుకురా," అన్నాడాయన. తీసుకురావడానికి దేవరాజు ఇంటికి రావాలి గదా. ఆ రాత్రి రాలేదు. మర్నాడు పొద్దునా రాలేదు.

బుధవారం షెడ్డులో ఎవరో ఫోన్లో చూపించారు. పరంజా మీద దేవరాజు. చొక్కా లేదు. రెండు చేతులతో రెండు కుంచెలు. వెనకాల డప్పుల పాట పెట్టారు. కింద వేలమంది చూసినట్టు అంకె. ఆమె పని సగంలో వదిలి ఆటో ఎక్కింది.

మండపంలో తిరణాల మాదిరిగా ఉంది. కాలేజీ పిల్లలు, దుకాణాల వాళ్ళు, తాపీపని వాళ్ళు అందరూ తలలెత్తి చూస్తున్నారు. దేవరాజు ఒక కుంచె దెబ్బ వేసినప్పుడల్లా చప్పట్లు. అతను వాళ్ళకేసి తిరిగి దండం పెడుతున్నాడు. మళ్ళీ గోడ మీద పడుతున్నాడు. పెదవులు తెల్లగా ఎండిపోయాయి. డొక్కలు లోపలికి పోయాయి. కొండలు మాత్రం... సామ్రాజ్యం అబద్ధమాడుకోలేకపోయింది. కొండలు బాగున్నాయి. మేఘం ఒక మూల నిజంగానే ఉరుముతున్నట్టుంది.

ఫణికృష్ణ ఫోన్ని ఎత్తి పట్టుకుని వెనక్కి వెనక్కి నడుస్తున్నాడు. ఆమె ఎదురుగా వెళ్ళి నిలబడింది.

"ఆపు బాబూ. ఆయన్ని కిందికి దించు."

"అక్కా, ఇప్పుడు కదిలించకూడదండీ. ఆయన ఫ్లోలో ఉన్నాడు. ఇలాంటి క్షణం జీవితంలో ఒక్కసారి వస్తుంది. భావోద్వేగానికీ సృష్టికీ మెదడులో దారి ఒక్కటేనని సైన్సే చెబుతోంది."

"ఆ సైన్సు చెప్పినోళ్ళు ఈయనతో ఒక్క రాత్రి ఇంట్లో ఉన్నారా? నువ్వుంటావా? పా, ఈ రాత్రికి నీ ఇంటికి తీసకపో."

చుట్టుపక్కల వాళ్ళు నవ్వారు. ఆమెను చూసే నవ్వారు. పెళ్ళాం వచ్చి మొగుడి పని చెడగొడుతోందని ఒకడన్నాడు. ఆమె పరంజా కర్ర పట్టుకుని "దిగయ్యా, ఇంటికి పోదాం, ఇంత అన్నం తిని మళ్ళీ వద్దువు," అని అరిచింది. దేవరాజు కిందికి చూశాడు. ఆ చూపులో ఆమె ఎవరో అతనికి తెలియనట్టుంది.

"నా గొంతు పిసకను వచ్చినావా నువ్వు కూడా? పో!"

ఎర్రరంగు ఆమె చీర మీద చిందింది. దానికి కూడా చప్పట్లు కొట్టారు.

మరునాడు మిట్టమధ్యాహ్నం ఆమెకు ఫోన్ వచ్చింది. చంద్రశేఖరరావు భార్య ఉమామహేశ్వరి. గొంతు తగ్గించి మాట్లాడుతోంది. "సామ్రాజ్యమా, తొందరగా రా. ఎవరికీ చెప్పకుండా చేస్తన్నా. తొందరగా రా తల్లీ."

హాల్లో ఇప్పుడు జనం లేరు. పరంజా ఒక పక్కకు కూలి ఉంది. కొత్తగా పరిచిన పాలరాతి మీద నలుపు, ఎరుపు మడుగులు కట్టాయి. గోడ మీద కొండలు లేవు. మేఘం లేదు. బకెట్లతో విసిరిన రంగు. చేతులతో పులిమిన రంగు. మధ్యలో పెద్ద పెద్ద అక్షరాలు, అడ్డదిడ్డంగా, ఏ మాటా కానివి.

దేవరాజు స్తంభానికి కట్టేసి ఉన్నాడు. పరంజా తాడుతో, చేతులు వెనక్కి విరిచి, ఛాతీ చుట్టూ మూడు చుట్లు. తల వేలాడేశాడు. ఆపకుండా ఏదో గొణుగుతున్నాడు. ఈగలు వాలుతున్నాయి.

చంద్రశేఖరరావు చొక్కా చెయ్యి చినిగింది. ఆమెను చూడగానే మీదికొచ్చాడు. "చూసినావా ఏం చేసినాడో! నా మీదికే వచ్చినాడు. పాలరాయంతా నాశనం. పోలీసులను పిలవాల్సింది, ఆడకూతురివని నీ మొహం చూసి ఊరుకున్నా. సాయంత్రంలోపల ఆ గోడకు సున్నం కొట్టించు. నీ మొగుని చేతనే కొట్టిస్తావో, ఎవరి చేత కొట్టిస్తావో నాకు తెలీదు. ఆ దరిద్రం నా కంటికి కనపడకూడదు. అంకన్నా, ఆ సున్నం డ్రమ్ము తెచ్చి ఇక్కడ పెట్రా!"

వాచ్‌మన్ అంకన్న డ్రమ్ము దొర్లించుకొచ్చాడు. సామ్రాజ్యం అటు చూడలేదు. స్తంభం వెనక కూర్చుని ముడి విప్పబోయింది. చెమటకు తాడు బిగుసుకుపోయింది. గోళ్ళు లేచాయి. పళ్ళతో పట్టి లాగింది. ఒక్కరూ కదల్లేదు. ఉమామహేశ్వరి లోపలి గదిలోంచి కూరగాయల కత్తీ, చెంబుతో నీళ్ళూ తెచ్చి ఆమె పక్కన పెట్టింది. మొగుడు "ఏయ్" అన్నా వినిపించుకోలేదు.

తాడు తెగింది. దేవరాజు సంచిలా ఆమె మీదికి ఒరిగిపోయాడు. మణికట్టుల మీద చర్మం లేచిపోయి ఉంది. నీళ్ళు పట్టిస్తూనే ఆమె తలెత్తింది.

"ఊపు కావాలన్నారు గదా అయ్యా. ఇదే ఊపు. నిన్న దీనికే గదా చప్పట్లు కొట్టించినారు. ఈ పొద్దు తాడెందుకు కట్టినారు?"

చంద్రశేఖరరావు చినిగిన చొక్కా చెయ్యి సర్దుకున్నాడు. ఆమె ఫణికృష్ణ వైపు తిరిగింది. అతను ద్వారం దగ్గర నిలబడి ఉన్నాడు. చేతిలో ఫోన్ ఉంది. దాన్ని వీపు వెనక్కి పెట్టుకున్నాడు.

"ఇది కూడా సైన్సేనా బాబూ?" అంది.

కరుణాకరం తన ఆసుపత్రిలో సూది మందు వేశాక దేవరాజు రెండు రోజులు నిద్రపోయాడు. మూడో రోజు లేచి కాస్త గంజి తాగాడు. వారం గడిచాక మాటలో వేగం తగ్గింది. సామ్రాజ్యం షెడ్డుకు పోలేదు. ఇక రావద్దని మేస్త్రీతో కబురు చేశారు. ఆమె మంచం పక్కన చాప మీద కూర్చుని, రోజూ చెయ్యి చాపించి మాత్ర ఇచ్చి, నోరు తెరిపించి చూసేది.

ఒక సాయంత్రం డాక్టరు కుర్చీ లాక్కుని మంచం దగ్గర కూర్చున్నాడు.

"దేవరాజూ, మందు వల్ల నీకు పోయేదేమీ లేదని అబద్ధం చెప్పను. చెయ్యి వణుకుతుంది. మనసు ఎగిరిపడే ఆ ఎత్తు మళ్ళీ రాకపోవచ్చు. మోతాదు సర్ది, వేళ మార్చి, వణుకు తగ్గించడానికి చూస్తా. మీ అమ్మ పోయినప్పుడు ఏడుపు రాలేదన్నావు. అది నాకు అప్పుడే చెప్పాల్సింది. అది కూడా నేను చూడాల్సిన సంగతే."

దేవరాజు దుప్పటి అంచు నలుపుతున్నాడు. "అయితే ఫణిబాబు చెప్పింది అబద్ధమా సార్?"

"సగం నిజం. అదే దాంతో వచ్చిన ప్రమాదం. మనసు కొంచెం ఉప్పొంగినప్పుడు ఆలోచనలు మామూలుకన్నా తేలిగ్గా వస్తాయి. అది నిజమే. కానీ జబ్బు ముదిరితే వచ్చేవి వస్తూనే ఉంటాయి, ఏది ఉంచాలో ఏది తీసెయ్యాలో తెలిసే శక్తి పోతుంది. దుఃఖం కలగడం ఒకటి. ఆ దుఃఖానికి ఏ రంగు పడుతుందో ఎంచుకోవడం ఇంకొకటి. రెండోదానికి నిద్ర కావాలి, అన్నం కావాలి. సరే, ఆ గిద్దలూరు కొంగలు ఎప్పుడు వేసినావు నువ్వు?"

దేవరాజు సామ్రాజ్యం వైపు చూడలేదు. "మాత్రలు మొదలుపెట్టిన ఏడాది. దినామూ పొద్దున పోయి, ఎండెక్కేదాకా వేసి వచ్చేవాణ్ణి. ఆరు చోట్ల చెరిపి మళ్ళీ వేసినా."

"మరి మూడు రాత్రుల కథ ఎవరు పుట్టించారు?"

దేవరాజు దుప్పటి అంచు వదిలేశాడు. పై ఫ్యాను కిర్రుమంటోంది.

"నేనే, సార్. లాడ్జి మధుసూదన్ అన్నకు నేనే చెప్పినా. మాత్ర మింగి, మజ్జిగ తాగి, చెరిపి చెరిపి వేసినానంటే ఎవురు మెచ్చుకుంటారు? పూనకంలో వేసినానంటే నోరు తెరుచుకుని విన్నారు. తర్వాత రెండు పనులొచ్చినాయి. ఇంక అట్లే ఉండనిచ్చినా."

సామ్రాజ్యం లేచి వరండాలోకి వెళ్ళిపోయింది. ఇన్నాళ్ళూ కోపమంతా చంద్రశేఖరరావు మీదా, అతని అల్లుడి మీదా పెట్టుకుంది. ఆ కోపం ఇప్పుడు ఇంట్లోకొచ్చి కూర్చుంది. వాళ్ళు కట్టిన తాడుకు పీచు పేనింది ఇతనేనా? ఆ ఆదివారం చంద్రశేఖరరావు ముందు తను నిజం చెబుతుంటే, పది అడుగుల దూరంలో కొలతబద్ద పట్టుకుని నిలబడ్డాడే, అక్కణ్ణుంచి ఒక్క మాట అనలేకపోయాడా?

చీకటి పడేదాకా ఆమె లోపలికి రాలేదు. వచ్చాక లైటు వేసింది. మాత్ర ఇచ్చింది, నీళ్ళిచ్చింది. పడుకున్నాక మల్లెపూల సాయంత్రం గుర్తొచ్చింది. అప్పుడు పొట్ట పట్టుకుని నవ్వింది ఎవరు? తనూ ఆ మనిషినే గదా కోరుకుంది, ఒక్క పూటకైనా. ఆమె దుప్పటి మొహం మీదికి లాక్కుంది. కోపం పోలేదు. కానీ మొగుడొక్కడి మీదే పెట్టుకోవడం కుదరలేదు.

ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చిన మూడోనాడు ఫణికృష్ణ వచ్చాడు. పళ్ళ బుట్ట తెచ్చాడు. గుమ్మంలో చెప్పులు విడిచి, చాప మీదే కూర్చున్నాడు. తప్పయిపోయిందన్నాడు. ఆ ఒక్క ముక్క గబగబా అనేసి అసలు సంగతికి వచ్చాడు.

"అన్నా, ఆ గోడకి సున్నం వేయించలేదు. వేద్దామనుకునేలోపు ఆ రోజు నేను తీసిన వీడియో ఎక్కడికో వెళ్ళిపోయింది. లక్షల మంది చూశారు. ఒంగోలు నుంచి, కర్నూలు నుంచి చూడ్డానికి వస్తున్నారు. ఒక మనిషి మనసు బద్దలైన క్షణం గోడ మీద అలాగే ఉండిపోయిందని రాస్తున్నారు. మావయ్య కూడా ఉంచేద్దామంటున్నారు. చుట్టూ లైట్లు పెట్టిస్తున్నాను. మీరొచ్చి కింద మూలన ఒక సంతకం చేస్తే చాలు. అక్కకి షెడ్డులో పని కూడా మళ్ళీ..."

"బయటికి నడు," అంది సామ్రాజ్యం.

"వస్తా బాబూ," అన్నాడు దేవరాజు. "రేపు పొద్దున వస్తా."

సామ్రాజ్యం మొగుడి మొహం కేసి చూసింది. అందులో ఏమీ కనపడలేదు. మందుల మత్తు ఇంకా పూర్తిగా వదల్లేదు. ఫణికృష్ణ పోయాక పళ్ళ బుట్ట తీసుకెళ్ళి ఎదురింటి మేక ముందు గుమ్మరించింది.

"సంతకం పెడతావా దానికి? నిన్ను గొడ్డును కట్టేసినట్టు కట్టేసినారు, దాని కింద నీ పేరు రాస్తావా?"

"నువ్వు కూడా రా," అన్నాడు దేవరాజు.

పొద్దున ఇద్దరూ ఆటోలో వెళ్ళారు. మండపం నేల కడిగి మెరిపించారు. కిటికీలకు రెక్కలొచ్చాయి. గోడకు ఎదురుగా ఎర్రతాడు కట్టి, పైన లైట్లు బిగించారు. సున్నం డ్రమ్ము మాత్రం మూలనే ఉంది. దాని పక్కనే పెద్ద బ్రష్షులు. చంద్రశేఖరరావు, ఉమామహేశ్వరి, ఫణికృష్ణ ఎదురొచ్చారు. ఫణికృష్ణ నల్లరంగు ముంచిన సన్న కుంచెను అందించి, వెనక్కి జరిగి ఫోన్ ఎత్తాడు.

దేవరాజు గోడ ముందు నిలబడ్డాడు. ఎడమ అంచు నుంచి కుడి అంచు దాకా నెమ్మదిగా చూసుకుంటూ నడిచాడు. చేత్తో పులిమిన చోట తన అరచేతి గుర్తు మీద అరచెయ్యి పెట్టి చూశాడు. చెయ్యి వణుకుతోంది.

"ఇది బొమ్మ కాదు సార్," అన్నాడు. "ఇది నాకొచ్చిన రోగం. రోగానికి సంతకం పెట్టను."

సన్న కుంచెను నేల మీద పెట్టి మూలకు నడిచాడు. డ్రమ్ము మూత తీశాడు. కర్రతో కలిపాడు. సున్నం అడుగుకు దిగింది కాబట్టి తొందరపడకుండా, అడుగు నుంచి పైకి తిప్పుతూ కలిపాడు. బకెట్లోకి పోసి, కొంచెం నీళ్ళు కలిపి, బ్రష్షు ముంచి, అంచుకు ఒత్తి, గోడ దగ్గరికొచ్చి మొదటి పట్టీ వేశాడు.

"ఏయ్! ఏం చేస్తన్నావ్ రా! అది నా గోడ!" చంద్రశేఖరరావు ఎర్రతాడు దాటి వచ్చాడు.

సామ్రాజ్యం అడ్డం నిలబడింది. "మీరే గదయ్యా చెప్పినారు, సున్నం కొట్టించమని. నీ మొగుని చేతనే కొట్టించమన్నారు. ఈ అంకన్న విన్నాడు, మీ ఆడమనిషి విన్నాది. ఆ పొద్దు ఆయనకు చేతకాలా. ఈ పొద్దు కొడ్తన్నాడు."

"అది అప్పటి మాట!"

"అప్పుడు దరిద్రమైంది ఇప్పుడు ఎట్ల కళ అయింది?"

ఆయన ఆమెను పక్కకు తోసే లోపు ఉమామహేశ్వరి మొగుడి చెయ్యి పట్టుకుంది. "వెయ్యనీయండి," అంది. "లేకుంటే ఆ తాడు కూడా తెచ్చి గోడకు తగిలించండి. వచ్చినోళ్ళకు అదీ చూపిద్దాం, ఎవరు కట్టినారో చెప్పి."

చంద్రశేఖరరావు పెళ్ళాం మొహంలోకి చూశాడు. చెయ్యి విడిపించుకున్నాడు గానీ ముందుకు అడుగు వేయలేదు. గిరుక్కున తిరిగి బయటికి వెళ్ళిపోయాడు. కారు తలుపు దడాలున మూసిన చప్పుడైంది.

దేవరాజు అవేమీ పట్టించుకోలేదు. పై నుంచి కిందికి ఒక పట్టీ, దాని అంచు కలిసేట్టు ఇంకో పట్టీ. నలుపు మీద సున్నం ఒక్క పొరకు నిలవదు, బూడిదరంగుగా తేలుతుంది. ఆరాక ఇంకో పొర వేయాలి, దాని మీద ఇంకోటి. చెయ్యి వణుకుతోంది. అయినా పట్టీలు తిన్నగానే పడుతున్నాయి.

ఫణికృష్ణ ఫోన్ ఇంకా ఎత్తే పట్టుకున్నాడు. దేవరాజు బ్రష్షు బకెట్లో ముంచుతూ అతనికేసి తలతిప్పాడు.

"తియ్యి బాబూ. బాగా కనపడేట్టు తియ్యి. ఇది మాత్ర మింగి వేస్తన్నా."

ఫణికృష్ణ ఫోన్ దించాడు.

సామ్రాజ్యం కొంగు నడుముకు దోపుకుంది. రెండో బ్రష్షు తీసుకుని, గోడకు ఆ చివర నుంచి మొదలుపెట్టింది.